చేలో ఎలుకలకు గుడ్లగూబ పెట్టె

ఎలుకలను వేటాడే గుడ్లగూబ చేలో గూడు పెట్టుకునేలా పెట్టె కట్టాలంటే, చెక్క కోసే ముందు ఎలుకల మందు సంగతి తేల్చుకోండి. బ్రోమాడయోలోన్, బ్రోడిఫాకమ్ లాంటివి తిన్న ఎలుక అక్కడికక్కడే చావదు. కొన్ని రోజులు మందకొడిగా ఆరుబయట తిరుగుతుంది. గుడ్లగూబకు అంతకన్నా తేలిగ్గా దొరికే వేట ఉండదు. ఎలుక ఒంట్లోని మందు ముందు దానికి, ఆపై గూట్లో పిల్లలకూ చేరుతుంది. పెట్టె కట్టిన చేలోనే ఆ మందు పెట్టడమంటే పక్షిని పిలిచి విషం పెట్టడమే. బొరియలు తవ్వడం, బోనులు పెట్టడం, గట్లు సన్నగా వేసి గడ్డి కోయడం, వీటితో నెట్టుకురాగలమనుకుంటేనే ముందుకెళ్లండి.

పెట్టెకు వచ్చేది తెల్లటి హృదయాకారపు ముఖమున్న గుడ్లగూబ. ఇది పుల్లలతో గూడు అల్లదు, చెట్టు తొర్రో పాత కట్టడంలో చీకటి మూలో వెతుక్కుంటుంది. మలేషియా పామాయిల్ తోటల్లో, ఇజ్రాయెల్ పొలాల్లో దశాబ్దాలుగా వాడుతున్నది ఈ అలవాటునే.

12 మి.మీ. ప్లైవుడ్ తీసుకోండి. అడుగు 60 × 45 సెం.మీ., ఎత్తు 65 నుంచి 70 సెం.మీ. ద్వారం 13 సెం.మీ. చదరం చాలు. అసలు కొలత ద్వారం కింది అంచుకూ అడుగుకూ మధ్య ఉండేది: 45 సెం.మీ.కి తగ్గకూడదు. చాలా పెట్టెలు పాడయ్యేది ఇక్కడే. లోతు తక్కువైతే ఎగరడం రాని పిల్లలు ద్వారం దాకా పాకి కిందపడతాయి, నేలమీద పడ్డ పిల్లను తల్లిదండ్రులు సాధారణంగా మేపవు. ద్వారం కింద, అంచు కట్టిన చిన్న అరుగు ఉంటే ఎదిగిన పిల్లలు రెక్కలు ఆడించుకుంటాయి. అడుగు మూలల్లో నీరు పోవడానికి నాలుగు చిల్లులు, పైకప్పు ముందుకు 8 సెం.మీ. చూరు, శుభ్రం చేయడానికి పక్కన తలుపు పెట్టండి. రంగు బయటే వేయండి. ఎండ ప్రాంతమైతే తెలుపు, లేకుంటే పిల్లలు ఉడికిపోతాయి. లోపల రెండు మూడు అంగుళాల మందాన చెక్క పొట్టు పరవండి.

పెట్టె నేలకు 3 నుంచి 4 మీటర్ల ఎత్తున ఉండాలి. ద్వారం వాన జల్లు కొట్టే దిక్కుకు గానీ మధ్యాహ్నపు ఎండకు గానీ ఎదురుగా ఉండకూడదు. స్తంభానికి మనిషి ఎత్తున నున్నటి రేకు చుడితే పిల్లులు, పాములు ఎక్కడం కష్టమవుతుంది. వాహనాలు వేగంగా పోయే పెద్ద రోడ్డుకు కిలోమీటరు లోపు మాత్రం వద్దు. ఈ పక్షి నేలకు దగ్గరగా ఎగురుతుంది, లారీలకు తగులుతుంది. 5 నుంచి 10 హెక్టార్లకు ఒక పెట్టె సరిపోతుంది.

గుడ్లగూబ రాత్రి వాలి ఎలుకల కోసం కాపు కాసేందుకు చేలో టి ఆకారపు పక్షి స్థావరాలు కూడా పాతండి. వరి, జొన్న లాంటి పైర్లలో గింజ పాలుపోసుకునే దశకు వాటిని తీసేయాలి, లేకపోతే పగలు గింజ తినే పిట్టలు వాటిమీదే వాలతాయి.

జత వెంటనే రాకపోవచ్చు, ఏడాది రెండేళ్లు పట్టినా పెట్టె పీకకండి. గుడ్లు సుమారు నెల రోజులు పొదుగుతాయి, పిల్లలు దాదాపు రెండు నెలలకు ఎగురుతాయి. ఆ మూడు నెలలూ తలుపు తెరవకండి. బెదిరిన తల్లి గుడ్లు వదిలేయవచ్చు, పైగా గూట్లో పక్షిని కదిలించడం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం.

పెట్టె కింద నల్లగా బొటనవేలంత ఉండలు కనిపిస్తే పని మొదలైనట్టే. గుడ్లగూబ ఎలుకను చాలావరకు గుటుక్కున మింగి, బొచ్చు, ఎముకలు ఉండగా కక్కేస్తుంది. ఒకటి గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి పుల్లతో విప్పండి. ఎన్ని పుర్రెలుంటే దాదాపు అన్ని వేటలు. అవన్నీ చుంచెలుకలవో పందికొక్కు పిల్లలవో తెలిస్తే బోనులు ఎక్కడ పెట్టాలో తేలుతుంది. బాగా ఎదిగిన పందికొక్కులు గుడ్లగూబకు లొంగవు, అవి మీ వంతు.

ఈ ఉండలే లోపల పేరుకుని అడుగు పైకి లేస్తుంది, 45 సెం.మీ. లోతు చూస్తుండగానే 30కి దిగుతుంది. పిల్లలు వెళ్లిపోయాక ఏటా ఒకసారి, ముక్కుకు మాస్కు కట్టుకుని చెత్త తీసేసి కొత్త పొట్టు వేయండి. తేనెటీగలు పట్టు పెట్టి ఉంటే తలుపు ముట్టుకోకుండా వాటిని తరలించేవాళ్లను పిలవండి.