టెక్సాస్ హైస్కూల్లో ఆల్జీబ్రా: కోర్సులు ఎంచుకునే ముందు జాగ్రత్తలు

పిల్లలు తొమ్మిదో తరగతిలో చేరకముందే వీటిని సరిచూసుకోండి.

• హైస్కూల్ పూర్తి చేయడానికి ఆల్జీబ్రా వన్ కోర్సు ఉత్తీర్ణత ఒక్కటే చాలదు. స్టార్ (టెక్సాస్ రాష్ట్ర స్థాయి పరీక్షలు)లో భాగమైన ఆల్జీబ్రా వన్ ఇఓసీ, అంటే కోర్సు ముగింపు పరీక్ష, కూడా గట్టెక్కాలి. తప్పితే మళ్లీ రాయవచ్చు, కానీ చివరి ఏడాది దాకా వాయిదా వేయకండి.

• డిప్లొమాకు, అంటే హైస్కూల్ పూర్తి చేసినట్టు ఇచ్చే పట్టాకు, కనీసం మూడు గణిత క్రెడిట్లు (కోర్సు పూర్తి చేస్తే లెక్కలోకి వచ్చే యూనిట్లు) కావాలి: ఆల్జీబ్రా వన్, జామెట్రీ, మరొకటి. ఆ మరొకటి ఆల్జీబ్రా టూ కానక్కర్లేదు. 2013లో వచ్చిన చట్టం ఈ వెసులుబాటు ఇచ్చింది. దయచేసి దీన్ని నమ్ముకుని ఊరుకోకండి. ఆల్జీబ్రా టూ లేకపోతే డిప్లొమాలో ‘డిస్టింగ్విష్డ్’ అనే పై స్థాయి దక్కదు. ఆ స్థాయి లేకపోతే, తరగతిలో పై 10 శాతంలో నిలిచినా, రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో నేరుగా సీటు పొందే అర్హత సాధారణంగా ఉండదు. కష్టంగా ఉందని పిల్లలు వదిలేస్తామంటే, ఇది వివరించి చెప్పాల్సింది పెద్దవాళ్లే.

• ఎనిమిదిలోనే ఆల్జీబ్రా వన్ చదివితే, ఆ క్రెడిట్ హైస్కూల్ ట్రాన్స్‌క్రిప్టులో (కోర్సులు, మార్కుల అధికారిక రికార్డులో) నమోదైందో లేదో చూడండి.

• హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వచ్చి మధ్యలో చేరుతుంటే, మార్కుల పత్రాలతో పాటు సిలబస్ కూడా తీసుకెళ్లండి. అక్కడి చదువుకు ఆల్జీబ్రా వన్ క్రెడిట్‌ను స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంత ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) అంగీకరిస్తే ఆ ఇఓసీ రాయనక్కర్లేదు. ఆ నిర్ణయాన్ని స్కూలు కౌన్సెలరు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.