పిసినారి పండగ పద్దు

ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి అంటారే, అది నేనే. పెళ్లయిన కొత్తలో మా ఆవిడ అన్న మాట ఇది. నలభై ఏళ్లయినా వెనక్కి తీసుకోలేదు. విశాఖ పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు పద్దులు రాశాను. రూపాయి తేడా వస్తే రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చొని వెతికేవాణ్ణి. అలాంటివాడు సంక్రాంతి నెలలో ఇవ్వడం గురించి చెప్పడమేమిటని అక్కయ్యపాలెంలో మా అపార్ట్‌మెంటు వాళ్లు నవ్వుతారు. నవ్వనీండి. ఇచ్చే గుణం పుట్టుకతో ఉన్నవాళ్లకు ఈ సలహాలు అక్కర్లేదు. జేబులోంచి నోటు తీసేటప్పుడు వేళ్లు బిగుసుకుపోయేవాళ్ల కోసమే రాస్తున్నాను.

మనసు మార్చుకోవడం సంగతి తర్వాత చూద్దాం, ముందు ఒక సీసా కడిగి పెట్టుకోండి. మాది పాత హార్లిక్స్ సీసా. ధనుర్మాసం డిసెంబరు 16 ప్రాంతంలో మొదలై భోగి దాకా ఉంటుంది. డిసెంబరు ఒకటిన పెన్షన్ పడగానే ఆ నెల రోజులకు ఇవ్వదలుచుకున్నదంతా ఒకేసారి తీసి సీసాలో వేసేస్తాను. మొదటి ఏడాది రెండు వేలు వేశాను, ఇప్పుడు ఆరు వేలు. మీరెంత వేయాలో నేను చెప్పను. వేసేటప్పుడు కొంచెం కలుక్కుమంటే సరైన మొత్తమే అనుకోండి.

పాతకాలం షావుకార్లు చిట్టాలో ధర్మం ఖాతా అని ఒక పద్దు నడిపేవారు. అమ్మకంలో ఇంతని దానికి జమ కట్టాక ఆ డబ్బు ఖాతాదే, షావుకారుది కాదు. నా సీసా కూడా అంతే. వేసిన రోజునే ఖర్చు రాసేస్తాను. నొప్పంతా ఒకటో తారీఖున ఒక్కసారి పడిపోతుంది కాబట్టి, ఆ తర్వాత ఎవరొచ్చినా ‘ఇవ్వాలా, వద్దా, ఎంత’ అన్న బేరం నాలో నాకు ఉండదు.

బ్యాంకుకు వెళ్లి యాభైలు, వందలు అడిగి తెచ్చుకోండి. చాలామంది లోభం నిజానికి చిల్లర లేకపోవడమే. హరిదాసు గుమ్మంలో నిలబడి ఉంటాడు, చేతిలో ఐదొందల నోటు ఉంటుంది, ‘చిల్లర లేదు నాయనా’ అని తలుపు వేసేస్తాం. నేనెన్నిసార్లు వేశానో లెక్క లేదు. మా వీధికి వచ్చే హరిదాసు ఇప్పుడు స్కూటరు మీద, మైకు పెట్టుకొని వస్తున్నాడు. అయినా తల మీద అక్షయపాత్ర మాత్రం అలాగే ఉంది. ఆయన నోరు తెరిచి అడగడు, చెయ్యి చాపడు. పాత్రలో బియ్యం పోస్తే వంగి అందుకొని, కీర్తన పాడుకుంటూ వెళ్లిపోతాడు. తలుపు పక్కనే గిన్నెలో బియ్యం, మీద ఒక నోటు పెట్టుకుంటే సరిపోతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ల చేత పోయించండి. పిల్లల కోసం ఆయన మోకాళ్ల మీద వంగుతాడు, ఆ దృశ్యం కోసమైనా.

ఇక అసలు విషయం. ఎంత ఇచ్చామన్నది కాదు, ఎప్పుడిచ్చామన్నది చూడాలి. ఇది నాకు మా వాచ్‌మన్ దగ్గర తెలిసింది. వాళ్లది టెక్కలి అవతల పల్లె. మా వైపు సంక్రాంతిని పెద్ద పండగ అనే అంటాం. చనిపోయిన పెద్దలకు కొత్త బట్టలు పెట్టాలి, పిల్లలకు కొనాలి, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దొరికించుకోవాలి. నాలుగేళ్ల కిందట భోగికి ముందు రోజు సాయంత్రం, అతను సంచులు సర్దుకొని గేటు దగ్గర నిలబడి ఉంటే, మహారాజులా కిందికి దిగి కవరు చేతిలో పెట్టాను. వెయ్యి రూపాయలు. నా చరిత్రలోనే అది పెద్ద మొత్తం.

‘‘పిల్లలకి బట్టలు కొనుక్కో నాయనా’’ అన్నాను.

‘‘బట్టలు ఎప్పుడో కొనీసినాం బాబూ. మూడు రూపాయల వడ్డీకి తెచ్చినాం’’ అని నవ్వాడు. కవరు కళ్లకద్దుకొని జేబులో పెట్టుకున్నాడు.

మెట్లెక్కుతుంటే బుర్రలో లెక్క తిరిగింది. నూటికి నెలకు మూడు. మా అపార్ట్‌మెంటులో పన్నెండు ఫ్లాట్లు. ఫ్లాటుకు ఐదొందలు వేసుకున్నా ఆరు వేలు. అతనికి కావాల్సినంతా మా ఇళ్లలోనే ఉంది, ఎలాగూ ఇచ్చేదే. కాకపోతే అందరం భోగి నాడు ఇద్దామని దాచుకొని కూర్చున్నాం, అతనేమో అప్పుకు వెళ్లాడు. ఆరు వేల మీద నెలకు నూట ఎనభై వడ్డీ. అది కట్టించింది మేమే. ఆ మరుసటి ఏడాది నుంచి వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెడుతున్నాను: వాచ్‌మన్, చెత్త తీసుకెళ్లే ఆవిడ, మెట్లు తుడిచే ఆవిడ, ముగ్గురి పండగ మామూలు డిసెంబరు 25 లోపు ఇచ్చేయాలి. పన్నెండు మందిలో తొమ్మిది మంది ఇస్తారు. మిగతా ముగ్గురి గురించి ఇక్కడెందుకులెండి, ఒకప్పుడు నేనూ ఆ జట్టులోనివాణ్ణే.

బేరం గురించి రెండు ముక్కలు. రైతుబజారులో బోర్డు మీద రేటు ఉంటుంది కాబట్టి గొడవ లేదు. పూర్ణా మార్కెట్ బయట గోనెపట్టా మీద బంతిపూలు, రేగిపళ్లు పోసుకొని కూర్చునేవాళ్ల దగ్గరే మన ప్రతాపమంతా. ఒకసారి బంతిపూల దగ్గర ఐదు రూపాయల కోసం పావుగంట వాదించి గెలిచాను. అదే సాయంత్రం మనవణ్ణి బీచ్‌కు తీసుకెళ్లి, కప్పు ఐస్‌క్రీముకు ఎనభై అంటే మారు మాట లేకుండా ఇచ్చాను. పండగ నెలలో నేల మీద కూర్చొని అమ్మేవాళ్ల దగ్గర బేరం మానేశాను. నెలంతా కలిపి రెండొందలు తేడా వచ్చింది, అంతే.

పాత బట్టలిచ్చేటప్పుడు ఉతికి, గుండీలు చూసి, మడతపెట్టి ఇవ్వండి. మీరు కట్టుకోలేనంతగా చిరిగింది ఇవ్వొద్దు, గుడ్డపీలికలకు వాడుకోండి.

ఆసుపత్రి దగ్గర పంచుదామనుకునేవాళ్లు మాత్రం కొంచెం ఆగండి. మా ఊరి పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు శ్రీకాకుళం నుంచి, పాడేరు వైపు నుంచి, ఒడిశా నుంచి కూడా రోగులొస్తారు. వెంట వచ్చినవాళ్లు రోజుల తరబడి ఉండిపోతారు. ఒక జనవరి ఒకటిన నలభై పులిహోర పొట్లాలు కట్టించుకొని అక్కడికి వెళ్లాను. నాకంటే ముందే నాలుగు జట్లు వచ్చి పులిహోరే పంచి వెళ్లాయి. ‘‘ఇప్పుడే తిన్నాం బాబూ’’ అంటూనే మొహమాటానికి తీసుకున్నారు. పదిహేను పొట్లాలు ఇంటికి తిరిగొచ్చాయి, రెండు రోజులు మేమే తిన్నాం. ఆ రోజు ఒక ముసలాయన పక్కన కూర్చొని ‘‘మీకేం కావాలి?’’ అనడిగాను. దుప్పటి అంటాడనుకున్నాను. ఫోనులో బ్యాలెన్స్ అయిపోయింది, ఇంటికి కబురు చెప్పాలి అన్నాడు. రీచార్జి చేయించి, ముందు నా ఫోనులోంచి కలిపిస్తే ఒడియాలో పది నిమిషాలు మాట్లాడాడు. అందుకే ఇప్పుడు వట్టి చేతులతో వెళ్తాను. అడిగి, కిందికి దిగి కొని, మళ్లీ పైకి వెళ్తాను. కాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇది కష్టమే.

డబ్బు లేకపోయినా ఒంట్లో రక్తం ఉంటుంది. 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసు, కనీసం 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ కనీసం 12.5 ఉండాలి, మిగతాది అక్కడి డాక్టరు చూసి చెబుతారు. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. నాకు వయసు దాటింది. పండక్కి హైదరాబాదు నుంచి వచ్చే మా అబ్బాయిని పంపిస్తాను. ఊరు సగం ఖాళీ అయ్యే రోజులు కదా, ఇచ్చేవాళ్లూ సొంతూళ్లకే పోతారు.

నాకు ఇప్పటికీ రానిది పుచ్చుకోవడం. మూడో అంతస్తు క్రైస్తవుల ఇంటి నుంచి క్రిస్మస్‌కు కేకు వస్తుంది, సంక్రాంతికి మేం అరిసెలు పంపుతాం. అది సమానంగా తేలిపోయే లెక్క, ఇబ్బంది లేదు. వాచ్‌మన్ మాత్రం ఊరి నుంచి వస్తూ ప్రతిసారీ పలాస జీడిపప్పు పొట్లం తెస్తాడు. ‘ఎందుకయ్యా ఇదంతా’ అంటూ, పప్పు ధర ఇంత ఉంటుందని చప్పున ఓ వంద తీసి ఇవ్వబోయాను ఒకసారి. అతని మొహం మాడిపోయింది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకొని లోపలికి లాగి, తనే పొట్లం అందుకొని ‘‘మీ అమ్మకి నడుం నొప్పి తగ్గిందా?’’ అనడిగింది. అతని తల్లికి నడుం నొప్పని నాకు తెలియదు.

ముక్కనుమ నాటికి సీసాలో మిగిలింది మళ్లీ ఇంటి ఖర్చులో కలపకండి, అక్కడే పాత బుద్ధి తిరిగొస్తుంది. నిరుడు నాకు నూట ముప్పై మిగిలింది. పొద్దున్నే వీధి చివర భోగిమంట బూడిద, చెరుకు పిప్పి, ఎండిపోయిన గొబ్బెమ్మలు ఎత్తుతూ మున్సిపాలిటీ వాళ్లు ఆరుగురు కనిపించారు. టీ కొట్టుకు తీసుకెళ్లాను. ఒకామె మాత్రం తనకు పంచదార ఇంకో రెండు చెంచాలు పడాలంది. వేయించుకుంది కూడా.