పాలల్లో చక్కెర ఇట్ల తగ్గించిన

మా పిల్లగాడికి పొద్దున పాలల్ల హెల్త్ డ్రింక్ పొడి, మీదికెల్లి రెండు చెంచాల చక్కెర. చెంచా అంటే 4 గ్రాములు; రోజు మొత్తానికే 25 గ్రాములు దాటొద్దు. డబ్బా వెనక ‘యాడెడ్ షుగర్స్’ (విడిగా కలిపిన చక్కెర) చదివితే పొడిలోనూ అదే! ఒక్కసారే మానిపిస్తే గ్లాసు ముట్టడని, వారం వారం పావు చెంచా తగ్గించుకుంటూ వచ్చిన. పొడి తీసేసి ఇంత యాలకులు దంచి వేసిన. తేడా పట్టనేలేదు.

"బెల్లం ఏస్తే ఏంగాదు బిడ్డా" అని మా అత్తమ్మ. బెల్లమూ చక్కెర లెక్కలోకే వస్తదని ఒప్పించేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

బడి నుంచి రాంగనే బిస్కెట్లు అడిగేటోడు. ఇప్పుడు గంజులో కాల్చిన సర్వప్ప (బియ్యప్పిండి రొట్టె): అంచులు కరకర, నడుమ మెత్తగ, పంటికింద పల్లీ. హన్మకొండ పిల్లగాడు కదా, మారు అడుగుతడు. పండుగనాడు మిఠాయికి మాత్రం అడ్డుచెప్ప.