చీరకు జాకెట్టు ముక్క మ్యాచింగ్ ఎలా చూసుకోవాలి

మా మ్యాచింగ్ సెంటర్‌కు వచ్చేవాళ్లు చాలామంది కవర్లోంచి చీర కొస ఒక్కటి లాగి, "ఈ కలర్ ఇవ్వండి" అంటారు. నేను మడత విప్పి అంచు, బాడీ రెండూ చూపించమంటాను. పక్కనున్న రంగును బట్టే మన కంటికి రంగు కనబడుతుంది. బూడిద రంగు గుడ్డను ఎర్ర అంచు పక్కన పెడితే కాస్త ఆకుపచ్చగా తోస్తుంది. ఆకుపచ్చ పక్కన పెడితే అదే గుడ్డకు ఎర్రటి ఛాయ వస్తుంది.

పారిస్‌లో గోడ తెరలు నేసే గోబెలాన్ కర్మాగారంలో నల్ల అద్దకం వెలవెలబోతోందని ఫిర్యాదులు వచ్చాయి. 1824లో అక్కడ అద్దకాల విభాగానికి పెద్దగా చేరిన షెవ్రోల్ పరీక్షించి చూస్తే రంగులో లోపం లేదు. పక్కన నేసిన నీలం, ఊదా దారాల వల్ల నలుపు అలా కనిపించింది.

ముందు బూడిద రంగు అట్టకు పక్కపక్కనే రెండు చిన్న కంతలు చేయండి. ఒకదాని కింద చీర బాడీ, రెండోదాని కింద జాకెట్టు ముక్క పెట్టండి. అంచు కనబడకూడదు. ట్యూబులైటు కింద కాదు, గుమ్మం దగ్గర పగటి వెలుతురులో చూడండి. రంగు నిజంగా కలిసిందో లేదో ఇక్కడే తేలిపోతుంది.

ఇక కట్టుకున్నాక ఎలా ఉంటుందన్నది వేరే సంగతి. వెడల్పాటి ఎర్ర అంచు పక్కన ఆకుపచ్చ ఇంకా పచ్చగా కనిపిస్తుంది. అదే పచ్చ జాకెట్టులో ఒంటరిగా ఉంటే డల్‌గా ఉంటుంది. చేతులకు ఎర్ర అంచు వేయించండి, రెండూ కలిసిపోతాయి.

సన్న జరీ గళ్లుంటే కథ తిరగబడుతుంది. దగ్గర దగ్గరగా ఉన్న సన్నగీతలు బాడీ రంగును తమవైపు లాక్కుంటాయి. ముదురు ఆకుపచ్చ మీద బంగారు జరీ గళ్లున్న చీరను పదడుగుల దూరం నుంచి చూడండి, చిలకపచ్చ వైపు జరిగినట్టుంటుంది. అలాంటి చీరకు నేనైతే అట్టలో కలిసిన ముక్క కాకుండా ఒక షేడ్ లేతది ఇస్తాను. భుజం మీద చీర, పక్కన ముక్క వేసుకుని, వెంట వచ్చినవాళ్లను దూరంగా నిలబడి చూడమనండి. పెళ్లిలో మనల్ని చూసేదీ ఆ దూరం నుంచే కదా!

వరసగా ఎరుపులే చూస్తూ పోతే చివరివి వెలిసినట్టు కనిపిస్తాయి. మధ్యలో కాసేపు ఆకుపచ్చ తాను చూసి, మళ్లీ ఎరుపుకు రండి.

ఫాల్‌కు ఇంత శ్రమ అక్కర్లేదు. లోపలివైపు ఉండేదే కాబట్టి అంచు రంగుకు దగ్గరగా ఉంటే చాలు.