పొద్దున్నే స్టార్ట్ చేయగానే పాత కారు ఇంజన్ చప్పుడు చేస్తోందా? ఏ చప్పుడు ఎక్కడిదో ఇలా పట్టుకోండి

మాది వైజాగ్‌లో పెదవాల్తేరు. 2006 ఆల్టో, నాన్న కొన్నది, ఇప్పుడు నేను తిప్పుతున్నా. రెండేళ్ల కిందట పొద్దున్నే స్టార్ట్ చేస్తే డబ్బాలో గులకరాళ్లేసి ఊపినట్టు గలగలమని చప్పుడు, ఓ రెండు మూడు నిమిషాలు, తర్వాత ఏమీ ఎరగనట్టు సైలెంట్ అయిపోయేది. షెడ్డుకి తీసుకెళ్లేసరికి ఇంజన్ వేడెక్కిపోయి ఉంటుంది కదా, చప్పుడు రాదు, ఒక చోట "ఏటీ లేదండి బాబూ, బండి బంగారం" అన్నారు, ఇంకో చోట అసలు చప్పుడు వినకుండానే "ఇంజన్ దించాలి సార్, బోరుకొచ్చేసింది" అనేశారు, అంటే సిలిండర్లు అరిగిపోయాయని. ఆఖరికి తేలిందేటంటే సైలెన్సర్ పైపు మీదుండే రేకు, హీట్ షీల్డ్ అంటారు, బోల్టు దగ్గర తుప్పు తినేసి ఊగుతోంది, అంతే.

అప్పట్నుంచి చుట్టాల బళ్లు, పక్కింటోళ్ల బళ్లు వినీ వినీ నాకు అర్థమైంది ఒకటే. ఏ చప్పుడు అనేదాని కంటే అది ఎన్ని సెకన్లకి ఆగింది అనేది చూడాలి, సగం జవాబు అక్కడే దొరికేస్తుంది.

ఇంకో మాట, చాలామంది "చలికి సార్, కోల్డ్ స్టార్ట్" అని సర్ది చెప్పేస్తారు. లంబసింగిలోనో అరకులోనో రాత్రంతా బండి పెడితే ఆ మాట ఒప్పుకుంటా. వైజాగ్‌లో డిసెంబర్ తెల్లారగట్ల కూడా దుప్పటి సరిపోతుంది, ఇక్కడ ఆయిల్ గడ్డ కట్టేంత చలి ఎక్కడుంది? మన బళ్లకి రాత్రిపూట జరిగేవి వేరే, ఆయిల్ అంతా కిందకి జారి ఇంజన్ అడుగునుండే ఛాంబర్‌లోకి దిగిపోతుంది, బెల్టుల మీద తేమ పడుతుంది, సముద్రపు ఉప్పుగాలి ఇనుముని తింటూ ఉంటుంది. పొద్దున్న చప్పుళ్లలో చాలా వరకు ఈ మూడిట్లోంచే వస్తాయి.

ముందు ఇది చేయండి: రాత్రంతా ఆగిన బండిని వేరే ఎవరితోనైనా స్టార్ట్ చేయించండి, గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ వేసి, మీరు బానెట్ తెరిచి పక్కన నిలబడి ఫోన్‌లో రికార్డ్ చేయండి. చున్నీ, పంచె, లూజు చేతులు బెల్టుకి దూరంగా పెట్టుకోండి. కీ తిప్పకముందే డిప్‌స్టిక్, అంటే ఆయిల్ కొలిచే పుల్ల, తీసి ఆయిల్ లెవెల్ చూడండి, దానికి పైసా ఖర్చు లేదు, అయినా ఎవరూ చూడరు.

కీ తిప్పితే టక టక టక టక, ఇంజన్ తిరగట్లేదు

ఇది ఇంజన్ చప్పుడే కాదు, కరెంటు చాలక సెల్ఫ్ మోటార్‌కి కరెంటు కలిపే స్విచ్చు, సోలినాయిడ్ అంటారు, అది కొట్టుకుంటోంది. హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి, లైట్లు మసకబారిపోతే బ్యాటరీ గానీ టెర్మినల్స్ గానీ, లైట్లు అలాగే వెలుగుతూ ఒక్క టక్ మాత్రమే వస్తే సెల్ఫ్ మోటార్ వైపు చూడాలి. బీచ్ దగ్గర ఉండేవాళ్లు ముందు టెర్మినల్స్ చూసుకోండి, తెల్లగా ఆకుపచ్చగా పొడి పట్టేసి ఉంటుంది. మైనస్ వైరు ముందు విప్పి, వంట సోడా కలిపిన వేడినీళ్లతో పాత బ్రష్షుతో తోమి, బాగా ఆరాక బిగించి పైన వ్యాజిలిన్ రాయండి. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ ఆఖరున. మీటర్ ఉంటే రాత్రంతా ఆగిన బండికి 12.6 వోల్టులు చూపిస్తే ఫుల్ ఛార్జి, 12.2కి వచ్చిందంటే సగమే ఉన్నట్టు, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందకి పడిపోతుంటే బ్యాటరీ ముసలిదైపోయింది.

గర్ర్‌ర్‌మని పళ్లు కొరికినట్టు, లేదా వీఈఈమని ఉత్తినే తిరగడం

గర్ర్‌ర్ అంటే సెల్ఫ్ మోటార్ కొసనుండే చిన్న పళ్లచక్రం, పినియన్ అంటారు, దాని పళ్లు ఇంజన్ పెద్ద చక్రం, అంటే ఫ్లైవీల్, రింగ్ పళ్లలో సరిగ్గా పడట్లేదు. వీఈఈ అంటే మోటార్ తిరుగుతోంది గానీ ఇంజన్‌ని పట్టుకోవట్లేదు, పినియన్ క్లచ్ పోయుంటుంది. ఒక్కోసారి బండి స్టార్ట్ అయ్యాక కూడా మనమే కీ వదలం, అది మన తప్పు. సెల్ఫ్ దించి ఆటో ఎలక్ట్రీషియన్‌కి ఇస్తే పినియను, బుష్షులు, కార్బన్లు చూసి చెప్తాడు, ఆటోనగర్‌లో ఇది రోజూ జరిగే పనే. వాయిదా మాత్రం వేయొద్దు, రింగు పళ్లు అరిగిపోతే గేర్‌బాక్స్ దించాల్సొస్తుంది.

స్టార్ట్ అయిన మొదటి రెండు మూడు సెకన్లు గలగల, తర్వాత మాయం

అసలు కథ ఇదే, కొంచెం ఓపిగ్గా చదవండి. రాత్రంతా ఆగితే పై భాగాల్లోంచి ఆయిల్ కిందకి దిగిపోకుండా ఆయిల్ ఫిల్టర్‌లో ఒక రబ్బరు పొర ఉంటుంది, ఆయిల్‌ని వెనక్కి పోనివ్వదు. చవక ఫిల్టర్లలో, పాతబడిపోయిన ఫిల్టర్లలో ఆ రబ్బరు బిరుసెక్కి పని మానేస్తుంది, దాంతో పొద్దున్న పంపు ముందు ఫిల్టర్ నింపుకుని తర్వాత పైకి పంపాలి, ఆ రెండు మూడు సెకన్లు పైనున్న సామాన్లు పొడిగా కొట్టుకుంటాయి. దీనికి టెస్టు ఈజీ. పది నిమిషాలు ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే చప్పుడు లేదు, రాత్రంతా ఆపితే ఉంది, అప్పుడు మొదటి అనుమానం ఫిల్టర్ మీదే. మంచి ఫిల్టర్, మాన్యువల్‌లో రాసిన గ్రేడ్ ఆయిల్ వేసి ఓ వారం చూడండి. "చిక్కటి ఆయిల్ పోస్తే చప్పుడు పోతుంది" అంటారు కొందరు, వినొద్దు, చిక్కటిది పైకి ఎక్కడానికి ఇంకా లేటు.

ఫిల్టర్ మార్చినా గలగల పోలేదంటే, బండికి టైమింగ్ చెయిన్, అంటే క్రాంక్ తిరుగుడుతో వాల్వుల్ని నడిపే గొలుసు, ఉంటే, చెయిన్ టెన్షనర్ చూడాలి. చాలా బళ్లలో టెన్షనర్ ఆయిల్ ప్రెషర్ మీదే చెయిన్‌ని బిగించి పట్టుకుంటుంది, ప్రెషర్ వచ్చేదాకా చెయిన్ వదులుగా ఊగి కవర్‌కి తగులుతుంది. గాజువాకలో మా బావది 2009 స్విఫ్ట్ డీజిల్, దానికి ఇదే వచ్చింది, మొదట్లో ఒక సెకను, ఆర్నెల్లకి నాలుగైదు సెకన్లు. అలా టైము పెరుగుతోందంటే చెయిన్ సాగుతోందనే లెక్క, ఇక ఆగకూడదు, చెయిన్ పళ్లు దాటిందంటే వాల్వులు పిస్టన్లకి తగిలి ఇంజన్ పని పెద్దదైపోతుంది. చెయిన్, టెన్షనర్, గైడ్లు మూడూ కలిపి మార్పించుకోండి, ఒక్క టెన్షనర్ మార్చి పంపేస్తే మళ్లీ వెళ్లాల్సిందే.

ఇక్కడ మోసపోకండి: మారుతి 800, పాత 796 సీసీ ఆల్టో, శాంట్రో వీటికి చెయినే ఉండదు, రబ్బరు టైమింగ్ బెల్టు ఉంటుంది. కె10 ఇంజన్ వచ్చిన ఆల్టోకి మాత్రం చెయిన్. మీ 800కి "చెయిన్ సౌండు సార్" అని ఎవరైనా అంటే టీ తాగేసి వచ్చేయండి.

టిక్ టిక్ టిక్, ఇంజన్ పైనుంచి, రేసు ఇస్తే స్పీడు పెరుగుతుంది

రెండు అనుమానాలు. వేడెక్కినా పోకుండా కుట్టు మిషన్‌లా ఒకే లయలో వస్తే టాపెట్లు, అంటే వాల్వుల్ని నొక్కే ముక్కలు, వాటి గ్యాప్ పెరిగింది. వాల్వుల్ని తెరిచే క్యామ్ షాఫ్ట్ ఇంజన్ తిరిగే స్పీడులో సగమే తిరుగుతుంది కాబట్టి ఈ టిక్ టిక్ ఇంజన్ కంటే నెమ్మదిగా వినిపిస్తుంది. స్క్రూ టాపెట్ల బండికి ఫీలర్ గేజ్, అంటే సందు కొలిచే సన్న రేకు, పెట్టి సెట్టింగ్ చేస్తే సరి. స్విఫ్ట్ డీజిల్ లాంటి హైడ్రాలిక్ టాపెట్ల బండికి సెట్టింగ్ ఉండదు, ఆయిల్ మార్చి చూడాలి. టాపెట్లు మరీ టైట్ చేయించేసి చప్పుడు పోయిందని సంబరపడకండి, వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది, కొంచెం చప్పుడు చేసే టాపెట్టే నయం.

అదే టిక్ టిక్ చల్లగా ఉన్నప్పుడు గట్టిగా వచ్చి ఐదారు నిమిషాలకి సన్నబడి పోయిందంటే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, అంటే ఇంజన్‌లోంచి పొగ బయటికొచ్చే మొదటి పైపు, దాని గాస్కెట్ లీకు చూడండి. వేడికి ఇనుము వ్యాకోచించి సందు మూసుకుంటుంది, అందుకే పోతుంది. గాస్కెట్ అంచున నల్లగా మసి మరక ఉంటే అదే. క్యాబిన్‌లోకి పొగ వాసన వస్తుంటే మాత్రం వెంటనే చేయించాలి.

కీచుమని అరుపు

వీధంతా లేస్తుంది. ఫ్యాన్ బెల్టు, అంటే డైనమో బెల్టు. వానాకాలం పొద్దుటిపూట తేమకి అరిచి, నిమిషంలో ఆరిపోయి ఊరుకుంటుంది. ఇంజన్ తిరుగుతుండగా దూరం నుంచి బెల్టు మీద కొంచెం నీళ్లు చిలకరించండి, అరుపు ఎక్కువైతే బెల్టు వదులు, కాసేపు తగ్గి మళ్లీ వస్తే పుల్లీల వరస తేడా గానీ బెల్టు అరుగుదల గానీ. ఇంజన్ ఆపి వేలితో నొక్కితే ఓ సెంటీమీటరు దిగాలి. లోపలి వైపు పగుళ్లుంటే మార్చేయండి. బెల్టు మీద కూలెంటు, ఆయిల్ పడుతోందేమో చూసుకోకుండా కొత్తది వేస్తే అదీ అరుస్తుంది. నీళ్లు పోసినా ఏ తేడా లేకుండా గుర్రుమంటుంటే బేరింగ్, పొడవాటి స్క్రూడ్రైవర్ కొన డైనమో బాడీకి, ఆ తర్వాత వాటర్ పంపు బాడీకి ఆనించి పిడి చెవి దగ్గర పెట్టుకుంటే ఏదో తెలిసిపోతుంది.

రేకు చప్పుడు

నాది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కింద పైపు మీది రేకుని పిడికిలితో తట్టండి, గలగలమంటే దొరికినట్టే. స్టీలు హోస్ క్లిప్పులు వేసి బిగించాలి, మామూలు ఇనుప క్లిప్పులు నాకు ఏడాదిలోనే తుప్పు పట్టి తెగిపోయాయి. రేకు పీకి పారేయకండి, పైనున్న వైర్లని, ఫ్లోర్‌ని కాపాడేది అదే.

స్టార్ట్ చేసేటప్పుడు, ఆపేటప్పుడు దబ్‌మని బండంతా ఊగితే ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు పోయాయి, అంతకంటే లేదు.

లోపల్నుంచి ఠక్ ఠక్, బరువైన చప్పుడు

స్టార్ట్ అయ్యాక బోలుగా కొట్టుకుని రెండు మూడు నిమిషాలకి పోతే పిస్టన్ స్లాప్. అరిగిన ఇంజన్లో పిస్టన్ వేడెక్కి ఉబ్బేదాకా బోరులో ఊగుతుంది. ఆయిల్ తాగట్లేదు, పొగ లేదు అంటే దాంతోనే ఏళ్లు నడిపేసేవాళ్లున్నారు.

వేడెక్కేకొద్దీ పెరుగుతూ, రేసు ఇస్తే సమ్మెట దెబ్బలా వస్తుంటే అది పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్. స్టార్ట్ అయిన రెండు మూడు సెకన్లలో ఆయిల్ లైటు ఆరిపోవాలి, ఐదు సెకన్లు దాటినా వెలుగుతుంటే బండి ఆపేయండి. "మెల్లగా షెడ్డు దాకా తోలుకెళ్లిపోతా" అనొద్దు, టోయింగ్ పిలవండి, హనుమంతవాక నుంచి ఆటోనగర్ దాకా నడిపితే క్రాంక్ కూడా పోతుంది. ముంపు నీళ్లలో ఆగిపోయిన బండి సెల్ఫ్ కొడితే టక్‌మని బిగుసుకుపోయిందా, మళ్లీ కొట్టొద్దు, సిలిండర్లో నీళ్లున్నాయి, ప్లగ్గులు విప్పాకే తిప్పాలి.

మెకానిక్‌కి చూపించాలంటే రాత్రే బండి షెడ్డులో వదిలేసి, "అన్నయ్యా, పొద్దున్న నేనొచ్చేదాకా స్టార్ట్ చేయకు" అని చెప్పి తాళం మీరే తెచ్చేసుకోండి. తాళం ఇస్తే కుర్రాడు తెల్లారేసరికి బండి పక్కకి తీసి పెట్టేస్తాడు, మళ్లీ "ఏటీ లేదండి" దగ్గరికే వస్తాం.