ఆరోగ్య వార్తను లెక్కతో చదవడం - 3వ పాఠం: పొగ తాగనివాళ్లను లెక్కపెట్టండి

జబ్బు వచ్చాక దాని కారణాన్ని వెనక్కి వెళ్లి ఎలా వెతకాలన్న ప్రశ్న దగ్గర పోయినసారి ఆగాం. ఇవాళ కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

లండన్ ఆసుపత్రుల్లో డాక్టర్ రిచర్డ్ డాల్, గణాంక శాస్త్రవేత్త ఆస్టిన్ బ్రాడ్‌ఫోర్డ్ హిల్ చేసి, 1950లో ప్రచురించిన పని ఇది. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 649 మంది మగవాళ్లనీ, అదే వయసులో వేరే జబ్బులతో చేరిన ఇంకో 649 మందినీ పొగ అలవాటు గురించి అడిగించారు. తాగేవాళ్లు మొదటి గుంపులో 647, రెండో గుంపులో 622.

ఈ రెండు సంఖ్యలే చూస్తే ‘పెద్ద తేడా ఏముంది?’ అనిపిస్తుంది. అక్కడే పొరపాటు. ఆ రోజుల్లో అక్కడి మగవాళ్లలో దాదాపు అందరూ తాగేవాళ్లే. అసలు కథ తాగనివాళ్ల దగ్గర ఉంది: మొదటి గుంపులో 2, రెండో గుంపులో 27.

ఇప్పుడు ప్రతి గుంపులో తాగేవాళ్ల సంఖ్యను తాగనివాళ్ల సంఖ్యతో భాగించండి. 647 ÷ 2 = 323.5. 622 ÷ 27 = సుమారు 23. మొదటి జవాబును రెండోదానితో భాగిస్తే 14. అంటే తాగేవాళ్లకు ముప్పు సుమారు 14 రెట్లు. తేడా ఏమీ లేకపోతే 1 రావాలి.

ఆ 14ని మాత్రం రాయి మీద గీత అనుకోకండి. మొదటి గుంపులో తాగనివాళ్లు 2 కాకుండా 4 ఉంటే? చేసి చూడండి, 7 వస్తుంది. చిన్న సంఖ్య మీద నిలిచిన లెక్క అలాగే ఊగుతుంది. అయినా 7 కూడా 1కి చాలా దూరం.

ఇంకో అనుమానం. క్యాన్సర్ అని తెలిసినవాళ్లను ప్రశ్నలు అడిగేవాళ్లు గుచ్చి గుచ్చి అడిగి ఉంటే? దీనికి డాల్, హిల్ చూపించిన జవాబు నాకు ఎంతో ఇష్టం. ఊపిరితిత్తుల క్యాన్సరే అనుకుని ప్రశ్నలడిగాక, అది కాదని తర్వాత తేలిన రోగులు కొందరున్నారు. వాళ్ల పొగ అలవాటు క్యాన్సర్ గుంపుతో కాదు, రెండో గుంపుతో కలిసింది. ప్రశ్న అడిగిన తీరే తేడాను పుట్టించి ఉంటే ఇలా జరగదు.

ఈ పని మధ్యలోనే డాల్ సిగరెట్ మానేశారు. 1951లో ఇద్దరూ బ్రిటన్ డాక్టర్లకు వాళ్ల పొగ అలవాటు అడుగుతూ ఉత్తరాలు రాశారు, సుమారు 40,000 మంది జవాబిచ్చారు. ముందు అలవాటు అడిగి, తర్వాత ఎవరికి జబ్బు వస్తుందో చూసే ఆ పద్ధతి వచ్చే పాఠంలో.

అభ్యాసం: అదే అధ్యయనంలో ఆడవాళ్లు గుంపుకు 60 మంది. తాగనివాళ్లు క్యాన్సర్ గుంపులో 19, రెండో గుంపులో 32. ఎన్ని రెట్లు? మగవాళ్ల కంటే ఎందుకు తక్కువ వచ్చిందో మీ ఊహ రెండు వాక్యాల్లో రాసుకోండి.