ఫొటో, వీడియో కొలతలు – 3వ పాఠం: గుంజకుండా కొయ్యడం

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క చూద్దాం: ఫోన్ ఫొటో వెడల్పు, ఎత్తుల నిష్పత్తిని చిన్న అంకెల్లో తేల్చాలి. ఫొటో కొలత 4032 × 3024 పిక్సెళ్లు, అంటే బొమ్మలోని చుక్కలు. పెద్ద అంకెను చిన్నదానితో భాగిస్తే శేషం 1008. ఇప్పుడు 3024ను 1008తో భాగిస్తే శేషం ఏమీ మిగలదు. కాబట్టి గ.సా.భా., అంటే రెండింటినీ శేషం లేకుండా భాగించే అతి పెద్ద అంకె, 1008. రెండు కొలతలనూ దాంతో భాగిస్తే 4:3 వస్తుంది. చాలా ఫోన్లలో కెమెరా సెన్సర్ ఆకారమే ఇది. ఫోన్లో 16:9 అని పెట్టి తీసినా ఎక్కువ రావడమేమీ ఉండదు, ఆ 4:3 లోంచే పైనా కిందా కోసి ఇస్తుంది. అందుకే ఫొటోలు 4:3లోనే తీయండి, కోసే పని తర్వాత మన చేతిలో ఉంటుంది.

1366 × 768 ల్యాప్‌టాప్ తెర తీసుకుని ఇదే లెక్క వేస్తే 683:384 దగ్గర ఆగిపోతారు. లెక్క తప్పలేదు, ఆ తెర కొలతే అంత. ఇలాంటి చోట వెడల్పును ఎత్తుతో భాగించి దశాంశం చూడాలి. 1366 ÷ 768 = 1.7786. 16 ÷ 9 = 1.7778. తేడా కంటికి ఆనదు, దాన్ని 16:9 అనే పిలుస్తారు. అసలు రెండు ఆకారాలను పోల్చాలంటే దశాంశమే సులువు: 4:3 అంటే 1.333, 3:2 అంటే 1.5, 16:9 అంటే 1.778, నిలువు రీల్ 9:16 అంటే 0.5625. అంకె ఎంత పెద్దదైతే ఆకారం అంత అడ్డంగా సాగినట్టు.

ఇక ఈ రోజు పని. నల్లగొండ గడియారం సెంటర్లో నిలబడి చుట్టూ ఫ్లెక్సీలు చూడండి. పుట్టినరోజువి, పెళ్లిళ్లవి, నాయకులకు స్వాగతాలు. కొన్నింటిలో మొహాలు గుమ్మడికాయల్లా ఉంటాయి. మనుషులు అట్ల లేరు, ఫొటోను గుంజారు. "అన్నా, పక్కల ఖాళీ కనవడుతుంది, జర గుంజు" అని అడిగేది మనమే. డిజైన్ చేసే తమ్ముడు ఏం చేస్తాడు, గుంజుతాడు.

ఎంత గుంజినట్టో లెక్క కట్టొచ్చు. దుకాణం బోర్డు 8 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు అనుకోండి. 8 ÷ 3 = 2.667. మన ఫొటో 1.333. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 2. అంటే బోర్డంతా నిండేలా గుంజితే మొహం ఉండాల్సినదానికి రెండింతల వెడల్పు అవుతుంది.

గుంజకుండా నింపాలంటే కొయ్యాలి. ఏ వైపు కొయ్యాలన్నది దశాంశమే చెబుతుంది. కావలసిన ఆకారం అంకె ఫొటో అంకె కన్నా పెద్దదైతే వెడల్పును ముట్టుకోకండి, ఎత్తు కొయ్యండి. చిన్నదైతే ఎత్తును వదిలేసి వెడల్పు కొయ్యండి. ఇక్కడ 2.667 పెద్దది. వెడల్పు 4032 అలాగే ఉంచి, కొత్త ఎత్తు 4032 × 3 ÷ 8 = 1512. పాత ఎత్తు 3024 కదా, ఫొటోలో సగం పోయింది! అదే 6 × 4 ఫ్లెక్సీ అయితే 4032 × 4 ÷ 6 = 2688. పోయేది 336, అంటే తొమ్మిదో వంతు. తల మీద కాస్త ఖాళీ వదిలి తీసి ఉంటే తెలియనే తెలియదు. వాట్సాప్ డీపీకి చదరం కావాలి, 1 అనేది 1.333 కన్నా చిన్నది, కాబట్టి వెడల్పు 3024కు తగ్గుతుంది. నాలుగో వంతు పోతుంది.

షాపులో 6 బై 4 అన్నప్పుడు వెడల్పు ఏది, ఎత్తు ఏది అని నోరు తెరిచి అడగండి. ఒక్కో చోట ఒక్కో వరుసలో చెబుతారు. అక్కడ తికమక పడితే ఈ లెక్కంతా దండగ.

వీడియోకూ సూత్రం ఇదే, దెబ్బ మాత్రం పెద్దది. నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారని బండ్లేసుకుని పోతారు. గేట్లు 26. అడ్డంగా పట్టుకుని 1920 × 1080లో అవన్నీ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సరిగ్గా నిండేలా తీశారనుకుందాం. దాన్ని రీల్‌కు నిలువుగా కోస్తే ఎత్తు 1080 అలాగే ఉంటుంది, వెడల్పు 1080 × 9 ÷ 16 = 607.5. వీడియో కొలతలు సరి సంఖ్యల్లో ఉంటేనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు పేచీ పెట్టవు కాబట్టి 608 వేసుకోండి. 1920లో 608 అంటే మూడో వంతు కూడా కాదు. 26 గేట్లలో మిగిలేవి ఎనిమిది.

తిరగేసి చూడండి. నిలువుగా తీసిన బతుకమ్మ వీడియోను ఇంట్లో 1920 × 1080 టీవీలో పెడితే బొమ్మ మధ్యలో 608 పిక్సెళ్లే, రెండు పక్కలా 656 చొప్పున నల్ల పట్టీలు. చూడ్డానికి వెలితిగా ఉన్నా, నా లెక్కలో గుంజడం కన్నా పట్టీలే నయం. ఆడేవాళ్లు ఆడినట్టే కనిపిస్తారు.

ఈ 16:9 ఎక్కడిదని అడిగేవాళ్లుంటారు. పాత టీవీ 4:3, సినిమాస్కోప్ దాదాపు 2.35. రెండింటికీ నడుమ ఆకారం కోసం 1980లలో అమెరికా ఇంజనీర్ కెర్న్స్ పవర్స్ వెతికి తేల్చింది ఇది. 1.333ను 2.35తో గుణించి వర్గమూలం తీయండి, 1.77 వస్తుంది.

వచ్చే పాఠానికి రెండు లెక్కలు. ఒకటి: 6000 × 4000 కెమెరా ఫొటోను 16:9కీ, 4:5కీ కొయ్యాలి. ఎటు కోస్తారు, కొత్త కొలతలెంత? రెండు: ఫంక్షన్ హాల్లో ఎల్ఈడీ వాల్ 12 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. 1920 × 1080 పెళ్లి వీడియోను కొయ్యకుండా, గుంజకుండా వేస్తే పైనా కిందా ఒక్కో నల్ల పట్టీ ఎన్ని అంగుళాలు?